కృష్ణలో పరిగెలు తగ్గాయి, నేరం ఒక్క క్యాట్‌ఫిష్‌దేనా?

విభాగం: నదులు, కాల్వలు, చెరువులు

గాలం_కృష్ణలంక
ఆదివారం, రాత్రి 8:52

ప్రకాశం బ్యారేజీ దిగువన, యనమలకుదురు వైపు గాలం వేసేవాళ్లు ఈ వేదికలో ఇంకెవరైనా ఉన్నారా? వానపాము గుచ్చి వేస్తే ఒకప్పుడు ముందు పరిగెలే, అదే ఆ వేలంత చిన్న చేపలే, పొడిచేవి. ఎరంతా అవే కొరికేస్తున్నాయని విసుక్కునేవాళ్లం. ఇప్పుడు ఆ పొడుపే లేదు. పడితే తిలాపియా, లేకపోతే నల్లటి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. పక్కన కూర్చున్న పెద్దాయన ఒక్క మాటలో తేల్చేశారు, "క్యాట్‌ఫిష్ ఏరంతా మింగేసింది" అని. నాకు అంత తేలిగ్గా నమ్మాలనిపించడం లేదు. ఒక్క రకం చేప వచ్చి నది మొత్తాన్ని మార్చగలదా? తెలిసినవాళ్లు చెప్పండి. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు మాత్రం పంపకండి, అవన్నీ చూసేశాను.

తెనాలి_తార్కికుడు
ఆదివారం, రాత్రి 9:20

పెద్ద చేప చిన్న చేపను తినడం ఎప్పటినుంచో ఉన్నదే. వాలుగ నోరు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? కొర్రమీను, పండుగప్ప ఏమైనా శాకాహారులా? ఇవన్నీ మన నీళ్లలో వేల ఏళ్లుగా వేటాడుతూనే ఉన్నాయి. పరిగెలూ బతుకుతూనే వచ్చాయి. ఆఫ్రికా నుంచి వచ్చిందనగానే పాపమంతా దాని మీద వేయడం నాకు సబబుగా తోచదు. కాల్వల్లోకి వదిలే మురుగు సంగతి ముందు మాట్లాడండి.

సీతానగరం_వల
ఆదివారం, రాత్రి 10:05

మాది వల మీద బతికే ఇల్లు. నేను చూసింది చెబుతాను, కారణాలు చదువుకున్నవాళ్లు చెప్పాలి.

విసురు వలలో ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి మూడు. ఒకటి తిలాపియా. రెండు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. మూడోది ఒళ్లంతా పెంకుతో, ముళ్లతో ఉండే రాకాసి చేప. ఇది కొనేవాళ్లు లేరు, వలను మాత్రం చీల్చి పెడుతుంది. ఒక్కొక్కదాన్ని వలలోంచి విడదీయడానికి పట్టే సమయంలో ఇంకో రెండుసార్లు వల విసరవచ్చు. వాలుగ కనిపించడం బాగా తగ్గిపోయింది. ఇంగిలాయిలు, బొమ్మిడాయిలు దొరికితే అమ్మకుండా ఇంటికే తెచ్చుకుంటున్నాం, అంత అపురూపమయ్యాయి. ఒక సంగతి గమనించాను. క్యాట్‌ఫిష్ నది నడుమన కంటే మురుగు కాల్వ వచ్చి కలిసేచోట ఎక్కువ. అక్కడ రాత్రిపూట వల వేస్తే బరువుకి చేయి లాగేస్తుంది.

జీవశాస్త్రం_సుభద్ర
సోమవారం, ఉదయం 6:40

గుంటూరులో ముప్ఫై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం పాఠాలు చెప్పాను కాబట్టి సమాధానం కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు సీతానగరం తమ్ముడు చెప్పిన మూడు చేపలను విడదీద్దాం. రాకాసి చేప వేటాడదు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం గాజు తుడవడానికి వచ్చిన చేప అది. పాచి, బురదలోని కుళ్లు, దారిలో తగిలిన గుడ్లు తింటుంది. గట్లలో బొరియలు తవ్వుతుంది. వేటాడకుండానే ఆహార వలకు, అంటే ఏది దేన్ని తిని బతుకుతుందన్న అల్లికకు, అడుగు నుంచి నష్టం చేస్తుంది, ఎందుకంటే పాచిని తినే మన చిన్న చేపల కంచంలోదే అది లాగేసుకుంటోంది. తిలాపియా 1952లో మన దేశానికి వచ్చింది. పాచీ నాచూ తింటుంది, గుడ్లూ పిల్లలూ దొరికితే వదలదు, తన పిల్లలను మాత్రం నోట్లో పెట్టుకుని కాపాడుకుంటుంది. అసలు వేటగాడు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. పురుగులు, నత్తలు, పీతలు, కప్పలు, చేపలు, కళేబరాలు, గింజలు, చివరికి నీటిలో తేలే సూక్ష్మజీవులు, దానికి పనికిరానిది లేదు. మొప్పల పైన ఉండే ప్రత్యేకమైన అవయవంతో గాలి పీల్చుకోగలదు కాబట్టి ప్రాణవాయువు లేని మురుగులోనూ హాయిగా ఉంటుంది. వానరాత్రి తడి నేల మీద ముందు రెక్కల ముళ్లతో పాకుతూ పక్క గుంటలోకి వెళ్లగలదు.

తార్కికుడు గారు అడిగింది మంచి ప్రశ్న. వాలుగ ఉండగా లేని ప్రమాదం దీనివల్ల ఎందుకు రావాలి? అందరూ చెప్పే జవాబు ఒకటుంది: కొత్త వేటగాడిని స్థానిక చేపలు గుర్తుపట్టలేవు, దాని వాసనకు పారిపోవడం వాటికి తెలియదు. విక్టోరియా సరస్సులో జరిగింది ఇదే. 1950లలో అక్కడ నైలు పెర్చ్ అనే చేపను వదిలారు. మన పండుగప్పకు అది దగ్గరి బంధువు, రెండూ ఒకే ప్రజాతి. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి, ప్రపంచంలో మరెక్కడా లేని చిన్న సిక్లిడ్ చేపల్లో దాదాపు 200 జాతులు కనిపించకుండా పోయాయి. అయితే ఈ జవాబు కృష్ణకు పూర్తిగా అతకదని నా అభిప్రాయం. మన పరిగెలకు మీసాల చేపలు కొత్త కాదు, వాలుగను, మార్పు అనే మన మీసాల చేపను చూసి పెరిగినవే. కాబట్టి ఇక్కడ తేడా మరెక్కడో ఉంది. కళాశాలలో ఏదో సమావేశానికి రమ్మన్నారు, సాయంత్రం మిగతాది రాస్తాను.

తెనాలి_తార్కికుడు
సోమవారం, ఉదయం 9:15

సుభద్ర గారూ, విక్టోరియా సరస్సు. కృష్ణ నది. నిలిచిన నీటిలో జరిగింది పారే నీటిలోనూ జరగాలని ఏముంది? పైగా నేను చదివినంతలో ఆ సరస్సులో మురుగు పెరగడం, విపరీతంగా చేపలు పట్టడం కూడా కారణాలే.

గాలం_కృష్ణలంక
సోమవారం, మధ్యాహ్నం 1:30

పారే నీరా? తార్కికుడు గారూ, ఎండాకాలం వచ్చి బ్యారేజీ ఎగువన నిలబడి చూడండి. భవానీ ద్వీపం చుట్టూ నీరు ఎటు పోతోందో కనుక్కోవాలంటే కాగితం పడవ వేయాలి. దిగువన ఇసుక, మధ్యమధ్య మడుగులు. 1957లో బ్యారేజీ వచ్చాక, ఆ మాటకొస్తే 1855 నాటి పాత ఆనకట్ట నుంచే, ఇది సగం చెరువు.

జీవశాస్త్రం_సుభద్ర
సోమవారం, సాయంత్రం 7:10

మురుగు, అతి వేట కూడా కారణాలే అన్న తార్కికుడు గారి మాట నిజం, దానికి తర్వాత వస్తాను. పారే నీటి ఉదాహరణే కావాలన్నారు కాబట్టి రెండు చెబుతాను. రెండూ నాకు ఇష్టమైనవి.

న్యూజీలాండ్‌కు 19వ శతాబ్దంలో ఆంగ్లేయులు గాలం సరదా కోసం బ్రౌన్ ట్రౌట్ తెచ్చారు. అక్కడి వాగుల్లో గలాక్సియాస్ అనే చిన్న స్థానిక చేపలుండేవి. అవీ పురుగులను తినేవే. ట్రౌట్ పగలు కంటితో చూసి వేటాడుతుంది. దాంతో రాళ్ల మీది పాచిని మేసే పురుగు పిల్లలు పగలంతా రాళ్ల కింద దాక్కుని రాత్రి మాత్రమే బయటికి రావడం మొదలుపెట్టాయి. మేత తగ్గింది. ట్రౌట్ ఉన్న వాగుల్లో రాళ్ల మీద పాచి దట్టంగా పెరిగింది. గమనించండి, ట్రౌట్ పాచిని ముట్టుకోలేదు, మేసేవాటిని భయపెట్టింది, అంతే. భయం కూడా ఆహార వలను మారుస్తుంది.

రెండోది జపాన్‌లోని హొక్కైడో. అక్కడి వాగుల్లోకి రెయిన్‌బో ట్రౌట్‌ను వదిలారు. 2004లో వచ్చిన ఒక ప్రయోగ ఫలితం చూడండి. చెట్ల మీది నుంచి నీటిలో పడే పురుగులను ఈ కొత్త చేప ముందే అందుకునేది. అంతవరకు వాటిని తినే స్థానిక చేపలు గత్యంతరం లేక అడుగున ఉండే నీటి పురుగుల మీద పడ్డాయి. నీటి పురుగులు తగ్గితే, అవి పెరిగి రెక్కలు తొడుక్కుని గట్టు మీదికి ఎగిరి రావడమూ తగ్గుతుంది. వాటి కోసం గట్టున గూళ్లు అల్లుకునే సాలీళ్లు 65 శాతం తగ్గిపోయాయి. నీళ్లలోకి వచ్చిన చేపకి అడవిలో సాలీడు బలైంది!

కాబట్టి "క్యాట్‌ఫిష్ పరిగెలను తినేసిందా" అని మాత్రమే అడిగితే సగమే అడిగినట్టు. తినకుండానే వాటి తిండిని తినవచ్చు, వాటిని మంచి మేత చోట్ల నుంచి తరమవచ్చు.

ఉప్పలపాడు_కొంగ
సోమవారం, రాత్రి 8:45

సాలీడు సంగతి చదివి నోరెళ్లబెట్టాను. నేను పక్షుల వైపు నుంచి రెండు మాటలు.

పనామాలో గాటున్ సరస్సుకు నీరిచ్చే చాగ్రెస్ నదిలోకి 1967లో ఒక చెరువు నుంచి పీకాక్ బాస్ అనే అమెజాన్ చేప తప్పించుకుంది. కొన్నేళ్లలోనే చిన్న చేపలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వాటి మీద ఆధారపడిన కొంగలు, లకుముకి పిట్టలు, రేవు పిట్టలు తగ్గాయి. జారెట్, పెయిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని 1973లో ప్రచురించారు. దాదాపు 45 ఏళ్ల తర్వాత వేరే శాస్త్రవేత్తలు మళ్లీ వెళ్లి చూస్తే, ఆ చేపల సమూహం ఇంకా కోలుకోలేదు.

ఇంకొకటి అమెరికాలోని ఎల్లోస్టోన్. అక్కడ కట్‌త్రోట్ అనే స్థానిక ట్రౌట్ గుడ్లు పెట్టడానికి సరస్సు నుంచి వాగుల్లోకి ఎక్కి వచ్చేది. ఎలుగుబంట్లు, నీటికుక్కలు, చేపల గద్దలు వాగు ఒడ్డునే కాచుకుని తినేవి. 1994లో ఆ సరస్సులో లేక్ ట్రౌట్ బయటపడింది. ఇది స్థానిక ట్రౌట్‌ను తింటుంది, కానీ తను మాత్రం లోతు నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. అంటే సరస్సులో చేపలున్నాయి, ఎలుగుబంటికి మాత్రం అందవు. ఎలుగులు జింక జాతికి చెందిన ఎల్క్ పిల్లలను ఎక్కువగా వేటాడటం మొదలుపెట్టాయి.

మా ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. అవి మేతకు చుట్టూ ఉన్న కాల్వలకు, చెరువులకు, ఇంకా దూరాలకు పోతాయి. ఎర్రకాళ్ల కొంగ కంటితో వెతకదు, సగం తెరిచిన ముక్కును లోతు తక్కువ నీటిలో ఆడిస్తుంది, తగిలిన చిన్న చేపను పట్టేస్తుంది. చేతి వేలంత చేపలు కావాలి దానికి. పగలు అడుగున దాక్కునే రెండు కిలోల క్యాట్‌ఫిష్ నీళ్ల నిండా ఉన్నా ఆ కొంగకు అది తిండి కాదు. చేపల దిగుబడి లెక్క తగ్గకుండానే పక్షి పస్తులుండవచ్చు.

కైకలూరు_వెంకట్రావు
సోమవారం, రాత్రి 10:30

ఈ చర్చ ఎటు పోతుందో మొదటి మాటకే అర్థమైంది. చివరికి చేపల చెరువుల వాళ్ల దగ్గరికే వస్తారు. మాకు అలవాటే.

నా చెరువుల్లో బొచ్చె, శీలావతి, కొంచెం రూప్‌చంద్. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మీద నిషేధం వచ్చి రెండు దశాబ్దాలు దాటింది, నేను పెంచను. చాటుగా పెంచేవాళ్లు లేరని చెప్పను. చికెన్ వ్యర్థాలు లారీల్లో రాత్రిళ్లు ఎక్కడికి పోతాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు, పత్రికల్లో కూడా వస్తూనే ఉంటుంది. దాని వాసనకు మొదట ఇబ్బంది పడేది పక్క చెరువు రైతే. ఆ చేప నా చెరువులోకి పాకి వచ్చిందంటే నష్టం నాకే, నేను డబ్బులు పెట్టి కొన్న పిల్లలను మింగుతుంది. కాబట్టి నన్ను దాని తరఫు వకీలుగా చూడకండి.

కానీ నది పాడైపోవడానికి చేపే కారణం అంటే ఒప్పుకోను. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఇంకా పైన ఆలమట్టి. వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపకు దారేది? ఇసుక తోడేశారు, గుడ్లు పెట్టే చోటేది? ఏలూరు కాల్వ, బందరు కాల్వ, రైవస్ కాల్వ నగరం దాటేసరికి ఎలా ఉంటాయో ముక్కున్న వారందరికీ తెలుసు. మన చేపలు ముందే చచ్చిపోతే ఆ ఖాళీలోకి చావని చేప వచ్చింది. ఇల్లు కాలాక వచ్చినవాడిని నిప్పు పెట్టింది నువ్వే అంటే ఎలా?

తెనాలి_తార్కికుడు
సోమవారం, రాత్రి 10:48

ఇదే నేను మొదటి నుంచీ అంటున్నది.

గాలం_కృష్ణలంక
మంగళవారం, ఉదయం 7:05

వెంకట్రావు గారూ, మీ మాటల్లో న్యాయం ఉంది. కానీ వరదల సంగతి వదిలేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చినప్పుడు, దారిలో ఉన్న గుంటలన్నీ నదితో, కొల్లేరుతో కలిసిపోలేదా? బుడమేరు పోయేది కొల్లేరుకే. వెలగలేరు నుంచి మళ్లింపు కాల్వ వచ్చేది కృష్ణలోకే. చాటున పెంచేవాడు ఒక్కడున్నా చాలు, ఒక్క వరద చాలు.

అక్వేరియం_అనిల్
మంగళవారం, ఉదయం 8:20

కేరళలో 2018 వరదల తర్వాత నదుల్లో అరపైమా, ఎలిగేటర్ గార్ దొరికాయి. అవి తిండికి పెంచే చేపలు కావు, సరదాకి తొట్లలో, ఇంటి చెరువుల్లో పెంచినవి. మా దుకాణానికి వచ్చేవాళ్లు ప్రతి వారం అడిగే ప్రశ్న, "చేప పెద్దదైపోయింది, కాల్వలో వదిలేయమంటారా?" వదలకండి. తిరిగి తెచ్చి ఇవ్వండి, డబ్బులు అడగను.

జీవశాస్త్రం_సుభద్ర
మంగళవారం, ఉదయం 8:55

వెంకట్రావు గారు అడిగిన ప్రశ్నను శాస్త్రవేత్తలు కూడా చాలాకాలంగా అడుగుతున్నారు: కొత్త చేప బండి నడుపుతోందా, లేక పాడైన నది నడుపుతున్న బండిలో కూర్చుని వచ్చిందా? చాలా చోట్ల రెండూ నిజమే. ఆనకట్టలు, మురుగు తలుపు తీశాయి. ఆయన చెప్పిన కారణాల్లో ఒక్కటీ కాదనను.

కానీ ఖాళీలోకి వచ్చి ఊరుకునే చేప కాదిది. నిన్న మధ్యలో ఆపిన మాట ఇప్పుడు చెబుతాను.

వాలుగ బతుకు దాని వేట మీద ఆధారపడి ఉంటుంది. పరిగెలు తగ్గితే వాలుగకు తిండి తగ్గుతుంది, పిల్లలు తగ్గుతాయి, దాని సంఖ్య పడిపోతుంది. అప్పుడు పరిగెలకు ఊపిరి ఆడుతుంది, మళ్లీ పెరుగుతాయి. వేటగాడికీ వేటకూ మధ్య ఈ కళ్లెం ఉంది కాబట్టే తార్కికుడు గారన్నట్టు వేల ఏళ్లు కలిసి బతికాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు ఆ కళ్లెం లేదు. పరిగెలు అయిపోయినా దానికి మురుగు ఉంది, కాల్వలో పారేసిన మాంసం వ్యర్థాలున్నాయి, నత్తలున్నాయి. నది పోషించగలిగిన దానికంటే ఎక్కువ సంఖ్యలో వేటగాళ్లను నగరం పోషిస్తోంది. అలాంటప్పుడు అది పరిగెలను ప్రధానంగా తినాల్సిన అవసరం కూడా లేదు. కడుపు నిండా చెత్త తిని, దారిలో దొరికినప్పుడు ఒకటి నోట్లో వేసుకున్నా, అంత సంఖ్యలో వేసుకుంటే పరిగెలు తేరుకోవు. పరిగెలు తగ్గినా వేటగాడు తగ్గకపోవడం, ఇదే అసలు ప్రమాదం.

సీతానగరం తమ్ముడు మురుగు కలిసేచోట వల బరువెక్కుతుందన్నాడే, నాకు ఈ చర్చలో అన్నిటికంటే విలువైన వాక్యం అది.

తెనాలి_తార్కికుడు
మంగళవారం, ఉదయం 9:40

వాదన బాగుంది. రుజువు? కృష్ణలోని క్యాట్‌ఫిష్ కడుపులో ఏముందో ఎవరైనా చూశారా?

సీతానగరం_వల
బుధవారం, రాత్రి 9:10

చూశాం. నిన్న రాత్రి పట్టినవాటిని ఈ రోజు పొద్దున ఇంటి దగ్గర కోసి చూశాం, మా నాన్న తిట్టుకుంటూనే సాయం చేశారు. చాలావాటి కడుపులో కోడి ఈకలు, పేగుల ముక్కలు. అన్నం మెతుకులు. నత్త గుల్లలు. ఒకదానిలో కప్ప కాలు. ఒకదానిలో ప్లాస్టిక్ సంచి ముక్క. చేప అని గుర్తుపట్టగలిగింది రెండింటిలోనే, అదీ ముల్లు మిగిలింది. మిగతావాటిలో ఏదో జావ, ఏమిటో చెప్పలేం.

కైకలూరు_వెంకట్రావు
బుధవారం, రాత్రి 9:25

అయ్యా, తీర్పు వచ్చేసింది. చేపలు తినడం లేదు, కోడి పేగులు తింటోంది. ఒక రకంగా పారిశుధ్య కార్మికుడు. దాన్ని వదిలేసి కాల్వలో చెత్త వేసేవాళ్లను పట్టుకోండి.

జీవశాస్త్రం_సుభద్ర
బుధవారం, రాత్రి 10:15

అంత తొందర వద్దు వెంకట్రావు గారూ.

కడుపు కోసి చూసే పద్ధతిలో ఒక పెద్ద మోసం ఉంది. ఈక అరగదు, నత్త గుల్ల అరగదు. వేలంత పరిగె మెత్తటి కండ, మన ఎండలకు వెచ్చబడిన నీటిలో ఉండే చేప కడుపులో కొద్ది గంటల్లోనే జావైపోతుంది. రాత్రి పట్టి, పొద్దున కోశారు. వలలో ఉన్నంతసేపూ, చచ్చిన తర్వాత కూడా కాసేపు అరుగుదల సాగుతూనే ఉంటుంది. కాబట్టి కనిపించిన ఈకలను బట్టి కనిపించని చేపలు లేవని చెప్పలేం. ఆ జావ ఏమిటన్నదే ప్రశ్న.

రెండోది, ఆ ఈకలు దాన్ని విడుదల చేసే సాక్ష్యమని మీరంటున్నారు. నాకు అవే దాని మీద బలమైన సాక్ష్యం. వేటతో పని లేకుండా సంఖ్య నిలబెట్టుకుంటోందని నేను ఊహగా చెప్పినదానికి ఆధారం ఆ ఈకలే. చెత్త వేసేవాళ్లను పట్టుకోవాలన్నారు, అందులో మీకూ నాకూ తేడా లేదు. మీరు పారిశుధ్యం కోసం పట్టుకోమంటున్నారు, నేను పరిగెల కోసం.

ఉప్పలపాడు_కొంగ
బుధవారం, రాత్రి 10:40

పక్కదారి అయినా చెప్పాలి. ఫ్రాన్స్‌లో టార్న్ నది ఒడ్డున, ఆల్బి పట్టణంలో, బయటి నుంచి తెచ్చి వదిలిన వెల్స్ క్యాట్‌ఫిష్‌లు నీళ్లు తాగడానికి దిగిన పావురాలను ఒడ్డు మీదికి దూకి పట్టుకుంటున్నాయి. శాస్త్రవేత్తలు వంతెన మీద నిలబడి లెక్కపెట్టారు, 28 శాతం దాడులు ఫలించాయట. మన దుర్గాఘాట్ పావురాలకు ఈ సంగతి తెలియనివ్వకండి.

పరిశోధన_గుంటూరు
గురువారం, ఉదయం 11:00

మేడం, నేను చేపల మీదే పరిశోధన చేస్తున్నాను. ఆ జావ గొడవ లేకుండా తేల్చే దారి ఉంది. కడుపు చూపించేది నిన్నటి భోజనం, కండ చూపించేది కొన్ని నెలల భోజనం.

కండలోని నైట్రోజన్‌లో రెండు రకాల పరమాణువులుంటాయి, ఒకటి కాస్త బరువైనది. ఆహార వలలో ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా బరువైన రకం పాలు సుమారు వెయ్యికి 3.4 పెరుగుతుంది. దాన్నిబట్టి ఆ చేప ఏ మెట్టు మీద తింటోందో చెప్పవచ్చు. ఇక కార్బన్‌ను చూస్తే ఆ తిండి మొదట ఏ మొక్క నుంచి పుట్టిందో తెలుస్తుంది. మన కోళ్లకు పెట్టేది ఎక్కువగా మొక్కజొన్న. మొక్కజొన్న కార్బన్ ముద్ర వేరు, నదిలోని పాచి ముద్ర సాధారణంగా వేరు. క్యాట్‌ఫిష్ కండలో మొక్కజొన్న ముద్ర గట్టిగా ఉంటే దాని ఒళ్లు నది కట్టినది కాదు, కోళ్ల ఫారం కట్టినది.

ఒక్క చిక్కు. మురుగు కలిసిన నీటిలో నైట్రోజన్ లెక్క మొదటి మెట్టు దగ్గరే పెరిగిపోతుంది. అందుకని ఒకే చోట పట్టిన నత్త, పరిగె, తిలాపియా, క్యాట్‌ఫిష్ అన్నీ కలిపి చూడాలి.

గాలం_కృష్ణలంక
గురువారం, మధ్యాహ్నం 2:10

పరీక్షలు జరగనివ్వండి. ఈలోగా ఒక ప్రశ్న. అందరం కలిసి పట్టి తినేస్తే పోదా? మనవాళ్లు తినడం మొదలుపెడితే ఏది మిగిలింది గనుక?

సీతానగరం_వల
గురువారం, సాయంత్రం 6:30

అన్నా, మురుగు కాల్వ దగ్గర ఏం తిని పెరిగిందో కోసి చూసిన చేతులివి. మా ఇంట్లో ఎవరూ తినరు. అమ్మితే కొనేవాళ్లున్నారు, వేరే పేరు చెప్పి హోటళ్లకు వేసేవాళ్లూ ఉన్నారని విన్నాను. ధర పలుకుతోందని తెలిస్తే పట్టేవాళ్లతో పాటు పెంచేవాళ్లూ పెరుగుతారు.

జీవశాస్త్రం_సుభద్ర
గురువారం, రాత్రి 8:00

చివరి వాక్యం అక్షర సత్యం. ఇంకో చిక్కు కూడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో లిటిల్ మూస్ అనే సరస్సు నుంచి స్మాల్‌మౌత్ బాస్ అనే వేట చేపను ఏళ్ల తరబడి తొలగించారు. తొలగించే కొద్దీ వాటి సంఖ్య పెరిగింది! పెద్దవి పోయేసరికి పోటీ తగ్గి, పిల్లలు ఎక్కువగా బతికాయి, త్వరగా ఎదిగాయి. అలాగని పట్టడం వృథా అనను. విక్టోరియాలో నైలు పెర్చ్‌ను భారీగా పట్టడం మొదలయ్యాక కొన్ని సిక్లిడ్ జాతులు మళ్లీ తలెత్తాయి. ఎల్లోస్టోన్‌లో లక్షల్లో లేక్ ట్రౌట్‌ను తీసేశాక స్థానిక ట్రౌట్ కోలుకుంటోంది. కానీ అక్కడ ఏటా ఆపకుండా, పెద్దవీ చిన్నవీ కలిపి తీస్తున్నారు. మనం ఒక ఆదివారం ఉత్సాహంగా పట్టి, ఫోటోలు దిగి వదిలేస్తే లిటిల్ మూస్ కథే. తిండి ఆపకుండా చేపను మాత్రమే తీయడం కూడా అంతే, ఈకలు పడుతున్నంత కాలం ఖాళీ అయిన చోటు నిండుతూనే ఉంటుంది. నన్నడిగితే మొదటి రూపాయి కాల్వలో వ్యర్థాలు పడకుండా ఆపడానికి, రెండోది పట్టడానికి.

తెనాలి_తార్కికుడు
గురువారం, రాత్రి 8:35

అంటే నేను మొదట చెప్పిన మురుగు దగ్గరికే వచ్చాం.

జీవశాస్త్రం_సుభద్ర
గురువారం, రాత్రి 8:50

వచ్చాం, కానీ చేపను వెంటబెట్టుకుని వచ్చాం. మురుగు ఒక్కటే కారణమైతే, మురుగు తక్కువగా ఉన్న పై మడుగుల్లో పరిగెలు బాగుండాలి. అక్కడా తగ్గాయా లేదా, సీతానగరం తమ్ముడే చెప్పాలి.

సీతానగరం_వల
గురువారం, రాత్రి 9:30

ఉండవల్లి పై మడుగుల్లో ఉన్నాయి గానీ వెనకటంత లేవు. ఏటి చేప పైకీ కిందికీ తిరుగుతుంది కదండీ. క్యాట్‌ఫిష్ కింద తిని, వరద నీటికి పైకి వస్తుంది. తొలకరి నీళ్లకు గట్టు వెంబడి గడ్డిలో మన చేపలు గుడ్లు పెట్టే చోటికే అదీ వస్తుంది.

కైకలూరు_వెంకట్రావు
గురువారం, రాత్రి 9:55

సరే, సరే. నేను తగ్గానని ఎవరూ అనుకోవద్దు. ఆనకట్టలూ ఇసుకా నా లెక్కలో ముందే ఉంటాయి. అన్నట్టు, మన మార్పు లాంటి చేపను 1960లలో ఫ్లోరిడాకు తీసుకుపోతే అక్కడ చెరువుల్లోకి పాకి వచ్చి చేపల రైతులను ఏడిపించిందట, చెరువు చుట్టూ కంచె కట్టుకున్నారట. ఆ రైతుల బాధ నాకు అర్థమవుతుంది.

పరిశోధన చేసే అబ్బాయికి ఒక మాట. కోడి వ్యర్థాలూ నది తిండీ తేడా తేల్చాలంటే పోల్చడానికి తెలిసిన తిండి తిన్న చేప కావాలి కదా? మా చెరువులో తవుడు, చెక్క మీద పెరిగిన శీలావతి ఉంది, ఏం పెట్టానో పుస్తకంలో రాసి ఉంటుంది. ముక్కలు పంపిస్తాను. ఎంత కావాలి, ఎలా పంపాలి?

పరిశోధన_గుంటూరు
గురువారం, రాత్రి 10:20

చాలా మేలు చేశారండీ. వీపు మీది కండ, బొటనవేలంత ముక్క చాలు, చర్మం లేకుండా. ఉప్పు, పసుపు తగలకూడదు. విడి సంచిలో పెట్టి, పట్టిన తేదీ, చోటు, చేప పొడవు రాసి వెంటనే ఐసులో పెట్టండి. మీరు పెట్టే తవుడు, చెక్క కూడా చెరో గుప్పెడు పంపండి. సీతానగరం అన్నా, మురుగు కలిసేచోట ఒకటి, పై మడుగులో ఒకటి, రెండు చోట్ల నుంచీ విడివిడిగా కావాలి. కడుపు చూడాలనుకుంటే వల తీసిన వెంటనే అక్కడికక్కడే కోయండి, పొద్దుటి దాకా ఆగవద్దు.

సీతానగరం_వల
గురువారం, రాత్రి 10:40

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి వల తీస్తాం. ఐసు పెట్టె, కత్తి, సంచులు నువ్వే తెచ్చుకో తమ్ముడూ. సీతానగరం ఘాట్ దగ్గరికి వచ్చి ఫోను చెయ్యి, నంబరు విడిగా పంపుతాను. నత్తలు ఏరడానికి ఇంకో మనిషిని కూడా తీసుకురా.